పిల్ల చామనచాయే గానీ... ఒక ఇంటి మాటకు వ్యాఖ్యానం

మూలం

"పిల్ల చామనచాయే గానీ వదినా, మొహంలో కళ ఉంది, లక్షణంగా ఉంది. మావాడికి నచ్చింది. నలుగురూ ఒప్పుకుంటారు."

అవతారిక

ఈ మాట ఏ కావ్యంలోదీ కాదు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన సాయంత్రం నాదెండ్లలో ఒక తల్లి అరుగు మీద కూర్చుని పొరుగింటావిడతో చెప్పే మాట. చిలకలూరిపేటలో విన్నా నరసరావుపేటలో విన్నా మాటల వరస కాస్త మారుతుందే తప్ప లోపలి సంగతి మారదు. మన అమ్మల గురించీ, అమ్మమ్మల గురించీ ఎవరో ఒకరు ఏదో ఒక అరుగు మీద ఇలాంటి తీర్పే చెప్పి ఉంటారు. ఆ తీర్పు అటు తిరిగి ఉంటే మనలో చాలామందిమి పుట్టేవాళ్లమే కాదు.

వ్యాఖ్యానం ఈ నేలకు కొత్త విద్య కాదు. 2022 ఏప్రిల్ నుంచి నాదెండ్ల పల్నాడు జిల్లాలో ఉంది. పాత లెక్కలో మాత్రం ఇది కొండవీటి సీమ ఊరు. కొండవీటి ప్రభువు కుమారగిరిరెడ్డి పేరు నిలిచేలా కాటయవేముడు కాళిదాసు నాటకాలు మూడింటికీ 'కుమారగిరిరాజీయం' అనే వ్యాఖ్య రాశాడు. పెదకోమటి వేమారెడ్డి ఒకపక్క రాజ్యం ఏలుతూనే అమరుక శతకానికి 'శృంగారదీపిక' రాశాడు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచిన తర్వాతి కాలంలో ఆ దుర్గాన్ని పాలించినవాడు తిమ్మరుసు మేనల్లుడు నాదిండ్ల గోపమంత్రి. ఇంటిపేరులోనే ఈ ఊరున్న ఆ మంత్రి 'ప్రబోధచంద్రోదయం' నాటకానికి 'చంద్రిక' అనే వ్యాఖ్య చేశాడు. వాళ్లు శ్లోకాలకు చేసిన పని నేనొక ఇంటి మాటకు చేయబోతున్నాను. అందమంటే ఒక సమాజం నిజంగా ఏమనుకుంటోందో శ్లోకాల్లో కంటే ఇలాంటి మాటల్లోనే నాకు ఎక్కువగా కనబడింది.

పిల్ల

పేరు చెప్పలేదు. చదువు చెప్పలేదు. ఆమె డిగ్రీ చదివి ఉండొచ్చు, బ్యాంకు పరీక్షలకు తయారవుతూ ఉండొచ్చు. అరుగు మీద జరిగే ఈ తీర్పులో మొదట ఆమె చూపుకు ఆనిన ఒక రూపం మాత్రమే. మిగతావన్నీ రూపం ఒడ్డెక్కిన తర్వాత అడుగుతారు. కుర్రవాడి విషయంలో వరస దీనికి తలకిందులు: ఉద్యోగం, పొలం, ఆ తర్వాత మనిషి. వ్యాఖ్యకు ఇంతకంటే పని లేని పదం ఇది.

చామనచాయ

'చామ' అన్నది 'శ్యామ'కు తద్భవం. పుట్టుకను బట్టి చూస్తే ఈ మాట నలుపు వైపుదే. వాడుకలో మాత్రం నలుపుకూ తెలుపుకూ నడుమ వేసుకున్న మెట్టు. "నల్లగా ఉంది" అనడానికి నోరు రానప్పుడు చామనచాయ అంటాం. రంగును ఇలా నిచ్చెన చేసుకున్న మనం, బిడ్డ కడుపులో ఉండగానే ఆ నిచ్చెన ఎక్కించడం మొదలుపెడతాం. నెల తప్పిన కోడలికి కుంకుమపువ్వు కలిపిన పాలు తాగిస్తాం. పుట్టిన బిడ్డ చెవులు పట్టి చూసి, "ఇప్పుడు ఎర్రగా ఉంది గానీ రేపు ఈ రంగుకు తిరుగుతుంది" అని చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. కుంకుమపువ్వుకూ బిడ్డ రంగుకూ సంబంధం లేదు. ఒంటి రంగు మెలనిన్ పాళ్లను బట్టి, అది తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుంది. ఎండ మెండుగా ఉన్న నేలల్లో వేల ఏళ్ల పాటు బతికిన మనిషికి ఒళ్లు కాపాడుకోవడానికి వచ్చిన రంగు నలుపు. పల్నాటి ఎండలో అది ప్రకృతి మనకు పట్టిన గొడుగు.

మరి ఆ గొడుగు మీద మనకు ఇంత చిన్నచూపు ఎందుకు వచ్చింది? జవాబు ఇంకో మాటలో దొరుకుతుంది. తెల్లని మనిషిని మా వైపు పెద్దవాళ్లు "ఎర్రగా బుర్రగా ఉంది" అంటారు. ఎర్రగా అంటే ఒంట్లో నెత్తురు బయటికి తెలిసేలా. బుర్రగా అంటే బుగ్గలు నిండి బొద్దుగా. ఎండలో పని చేయనక్కరలేని మనిషి ఎర్రగా ఉంటుంది. మూడు పూటలా కడుపునిండిన మనిషి బుర్రగా ఉంటుంది. అంటే ఆ రెండు మాటలూ అందాన్ని చెబుతున్నట్టుండి ఇంటి కలిమిని చెబుతున్నాయి. నాదెండ్ల చుట్టుపక్కల చేలల్లో మిరపకాయ కోతకూ పత్తి తీతకూ వెళ్లే ఆడవాళ్లను చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, తలకు చెవులు మూసేలా గుడ్డ. ఎండ కోసం, మిరప మంట కోసం, పురుగుమందు కోసం కట్టుకున్న కవచం అది. అంత కట్టుకున్నా మొహం మీద, మణికట్ల కింద ఎండ తన ముద్ర వేసే పంపుతుంది. రంగు వెనక ఎండ ఉంది, ఎండ వెనక పొలం ఎవరిది, కూలి ఎవరిది అన్న ప్రశ్న ఉంది. కులం కూడా ఉంది. ఆ ప్రశ్న అడగలేక మనం చర్మం గురించి మాట్లాడుకుంటున్నాం.

దేవుళ్ల దగ్గర మాత్రం ఈ పట్టింపు లేదు. రాముడు నీలమేఘశ్యాముడు. కృష్ణుడి పేరుకు అర్థమే నల్లనివాడు. భారతకథను నడిపించిన ద్రౌపదికీ కృష్ణ అనే పేరు, ఆమె ఒంటి రంగును బట్టే. ఆ నల్లని పిల్ల స్వయంవరానికి దేశదేశాల రాజులంతా వచ్చారు. పూజగదిలో అడ్డురాని రంగు చూపులగదిలో అడ్డొస్తోంది. తర్వాత ద్రౌపదిని కూడా క్యాలెండర్ల మీదా సినిమాల్లోనూ తెల్లగా మార్చేశాం.

వ్యాఖ్యాతల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 'మేఘసందేశం'లో యక్షుడు దూరాన ఉన్న తన భార్యను 'శ్యామ' అంటాడు. మెదక్ సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి, సంస్కృత వ్యాఖ్యాతల్లో మన తెలుగు దిట్ట, ఆ మాటకు నడియౌవనంలో ఉన్న స్త్రీ అని అర్థం చెప్పాడు. నిఘంటువు ఆధారం చూపి మరీ చెప్పాడు, తప్పు పట్టలేం. అయినా శ్యామ అనగానే మొదట తోచే అర్థం నల్లనిది, నీలం కలిసిన చాయ గలది అనే. యక్షుడు తలుచుకుని తలుచుకుని కుమిలిన ఆ అందగత్తె చామనచాయ పిల్ల అనుకోవడం నాకు ఇష్టం. ఇది నా రుచి. మల్లినాథుడి ప్రమాణానికి ఎదురు నిలిపేంత బలం దానికి లేదని తెలిసే చెబుతున్నాను.

ఇక సరుకు సంగతి. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము మన దేశంలో అమ్మకానికి వచ్చింది. నాలుగున్నర దశాబ్దాలు గడిచాక, 2020లో, పేరులోంచి 'ఫెయిర్' తీసేసి గ్లో అండ్ లవ్లీ అన్నారు. మధ్యలో పెరిగిన రెండు తరాల ఆడపిల్లలకు ఆ ట్యూబు చెప్పిన పాఠం ఒక్కటే: రంగు మారితే ఉద్యోగం వస్తుంది, సంబంధం కుదురుతుంది. దాన్ని ఆ కంపెనీ కనిపెట్టలేదు. అరుగు మీద మాటను తీసుకెళ్లి టీవీలో పెట్టింది, అంతే. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి అనే తెలుగింటి అమ్మాయి మిస్ అమెరికా కిరీటం పెట్టుకుంది. ఆమె తల్లిదండ్రులు విజయవాడ నుంచి వెళ్లినవాళ్లు. కిరీటం పెట్టిన రాత్రే అక్కడ కొందరు ఆమె అమెరికన్ కాదంటూ సోషల్ మీడియాలో దూషించారు. మన దేశంలోనేమో, ఇంత నలుపు రంగుతో ఇక్కడైతే అందాల పోటీలో గెలిచేదేనా అన్న చర్చ నడిచింది. అదే మనిషి, అదే మొహం. అట్లాంటిక్ సిటీలో ఒక ప్రశ్న, మన దగ్గర మరో ప్రశ్న. తర్వాత ఆమె తెల్లబరిచే క్రీములకు వ్యతిరేకంగా ప్రచారానికి దిగింది. ఆ పోరాటం ఆమెకు ఇక్కడి నుంచి వచ్చిన ఆస్తి అని నేను అనుకుంటాను.

గానీ

దీన్ని పదంగా ఎవరూ లెక్కపెట్టరు. వ్యాఖ్యలో దీనికే ఎక్కువ చోటివ్వాలి. 'గానీ' ముందున్నది లోపం, తర్వాత వచ్చేది పూడిక. రంగు ఒక గుంట, కళ, లక్షణం దాన్ని పూడ్చే మట్టి. వాక్యాన్ని తిప్పి చూడండి: "పిల్ల తెల్లగా ఉంది గానీ మొహంలో కళ ఉంది" అని ఎవరైనా అంటారా? అనరు. మన వ్యాకరణమే దానికి ఒప్పుకోదు. తెలుపు దగ్గర 'గానీ' అక్కర్లేదు. ఒకవేళ అన్నా తర్వాత తిట్టు రావాలి. ఏది లోపమో ఏది గుణమో ఈ రెండక్షరాలు ముందే నిర్ణయించి పెట్టేశాయి. చెప్పిన తల్లి మంచిదే, పిల్లను మెచ్చుకుంటూనే చెప్పింది. ఆమె మంచితనం వల్ల 'గానీ' మెత్తబడింది, మాయమవలేదు.

కొన్ని ఇళ్లలో ఆ పూడిక లెక్క కట్నంలో తేలుతుంది. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. రంగు తగ్గితే కట్నం పెరగాలన్న బేరం దాని తర్వాత కూడా బతికే ఉంది.

వదినా

వావి వరస. పక్కింటావిడ చుట్టం కాకపోవచ్చు, పిలుపు చుట్టరికం కలిపింది. అందం మీద తీర్పు చెప్పేవాళ్లకు వినేవాళ్లు కావాలి. "అవును వదినా, కళే ముఖ్యం" అని ఆవిడ అంటే ఈ తల్లి మనసు కుదుటపడుతుంది. ఆవిడ పెదవి విరిస్తే రాత్రంతా నిద్ర ఉండదు. తాను చూసొచ్చిన మొహం మీద తన కళ్లకే నమ్మకం చాలకపోవడం ఇక్కడ కనబడుతోంది.

కళ

ఈ వాక్యంలో నాకు బాగా ఇష్టమైన మాట. చంద్రుడికి కళలు పదహారని లెక్క ఉంది. మనిషి మొహంలోని కళకు లెక్క లేదు, కొలత లేదు. పెళ్లి కుదిరిన పిల్లకు పెళ్లికళ వచ్చేసిందంటాం. కాపు బాగున్న చేను కళకళలాడుతోందంటాం. బిడ్డలు వెళ్లిపోయిన ఇల్లు కళ తప్పిందంటాం. అంటే కళ వస్తుంది, పోతుంది. బతుకు బాగుంటే వస్తుంది. ముక్కు తీరు పుట్టుకతో వచ్చేది, దాన్ని ఎవరూ ఇవ్వలేరు. కళను మాత్రం మనుషులు మనుషులకు ఇవ్వగలరు, ఆదరణతో. అలాగే ఇల్లాలి మొహంలో కళ తీసేసిన ఇళ్లూ ఉన్నాయి.

గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రిని తలుచుకోండి. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో శశిరేఖగా ఆమె కళ్లు తిప్పితే చాలు, మూడు తరాల ప్రేక్షకులు ఇప్పటికీ కదలకుండా చూస్తున్నారు. నలుపు తెలుపు తెర మీద ఒంటి రంగుకు అంత పట్టింపు లేదు, కళకే పెత్తనం. ఆమె తర్వాత ఒళ్లు చేసినప్పుడు కూడా జనం మెచ్చుకోవడం మానలేదు. ఇవాళ ఆ కొలతలతో వచ్చిన కొత్త అమ్మాయికి కథానాయిక వేషం దొరకడం కష్టం. కళ్లు అవే, కళ అదే, చూసేవాళ్ల చూపులో కొలతలు మారాయి.

లక్షణం

లక్షణం అంటే గుర్తు, నిర్వచనం. ఛందస్సుకూ అలంకారాలకూ నియమాలు చెప్పేవి లక్షణ గ్రంథాలు. ఒంటి మీద గుర్తుల్ని బట్టి మంచిచెడ్డలు చెప్పేది సాముద్రికం. "లక్షణంగా ఉంది" అన్నప్పుడు ఆ తల్లి తనకు తెలియకుండానే పిల్లను ఒక గ్రంథంతో పోల్చి చూస్తోంది. ఆ గ్రంథం ఎవరు రాశారో ఆమె చెప్పలేదు. తన అత్తగారు చూసినట్టు తాను చూస్తోంది. ఈ మాటలో రూపంతో పాటు నడవడీ కలిసిపోయింది: తల వంచుకుని కూర్చుంది, అడిగిందానికే జవాబు చెప్పింది, నెమ్మదిగా నవ్వింది. మాట దిట్టంగా చెప్పే పిల్ల ఎంత బాగున్నా 'లక్షణంగా' ఉందని ఈ అరుగు మీద అనరు. ఇది నాకు మింగుడుపడని సంగతి. 'చక్కదనం' కూడా ఈ కుటుంబపు మాటే. చక్కన అంటే వంకర లేనిది, సరిగ్గా ఉన్నది. ఎటు నుంచి ఎటు సరి అన్నది మాత్రం కాలానికో తీరు.

మా అమ్మమ్మల తరం ఆడవాళ్ల ముంజేతుల మీద పచ్చబొట్లు ఉండేవి. సూది పోట్లకు ఓర్చుకుని, సంబరంగా పొడిపించుకున్న సింగారం అది. తర్వాతి తరం బడికి వెళ్లింది, పచ్చబొట్టు మోటుదనమంది. చేతులు దాచుకునే పెద్దవాళ్లను నేను చూశాను. ఇప్పుడు మనవరాళ్లు విజయవాడ, హైదరాబాద్ దుకాణాల్లో వేలకు వేలు పోసి టాటూ వేయించుకుంటున్నారు. సూది పోటు అదే, నొప్పి అదే. మాచర్ల, దుర్గి వైపు తండాల్లో పెద్ద వయసు లంబాడీ ఆడవాళ్ల అద్దాల రవికెలు, చేతినిండా తెల్ల గాజులు ఇంకా కనబడతాయి. పిల్లలు వాటిని వదిలేశారు. బస్సులో, బడిలో నలుగురు తేరిపార చూసే చూపు వాళ్ల చేత వదిలించింది. అదే అద్దాల పనిని నగరాల్లో పెళ్లిళ్ల సీజన్లో ఖరీదైన బట్టగా కొంటున్నారు. ఇచ్చినవాళ్లకు దక్కని మెప్పు కొన్నవాళ్లకు దక్కడం అన్యాయమనే అంటాను.

'నాజూకు' అన్న మాటనూ ఇక్కడే చెప్పాలి. పారసీకం నుంచి మనకొచ్చింది. బొద్దుగా, నిండుగా, పుష్టిగా అన్న మెప్పుమాటలన్నీ మన సొంతం చేసుకున్న ఊళ్లో, సన్నదనాన్ని మెచ్చుకోవడానికి అరువు మాట బాగా కుదురుకుంది. తిండి అరుదైన కాలంలో ఒళ్లు చేయడం అందం, తిండి చవకైన కాలంలో తగ్గడం అందం. "ఒళ్లు చేశావే" అంటే వెనకటికి మురిసిపోయేవాళ్లు, ఇప్పుడు నొచ్చుకుంటున్నారు.

మావాడికి

ఎవరి రుచి అన్నది ఇక్కడ తేలింది. కుర్రవాడిది. ఇన్ని మాటల తర్వాత గానీ అతని వంతు రాలేదన్నది గమనించాలి. ముందు రంగు, తర్వాత కళ, తర్వాత లక్షణం, ఆ పైన అతను.

నచ్చింది

ఇవాళ నచ్చడమంటే ఇష్టపడటం. పాత తెలుగులో 'నచ్చు' అంటే నమ్ము. నచ్చిక అంటే నమ్మకం. ఇప్పటికీ 'నచ్చజెప్పడం' అంటున్నామంటే ఆ పాత అర్థం పూర్తిగా చావలేదన్నమాట. ఒక మొహం నచ్చడంలో ఈ మనిషిని నమ్మొచ్చు అన్న భావం మొదట్నుంచీ ఉందని భాష చెబుతోంది. మెచ్చడం వేరు. మెప్పు నలుగురిలో పైకి చెప్పేది. నచ్చడం లోపల జరిగేది, దానికి కారణం అడిగితే చెప్పలేం.

సొంత రుచికి మన సామెత పూర్తి హక్కు ఇచ్చింది: తాను వలచింది రంభ, తాను మునిగింది గంగ. కాళిదాసు రఘువంశంలో ఇందుమతి స్వయంవరం ఉంది. ఆమె అంగరాజును దాటి ముందుకు వెళ్లిపోతుంది. అతను అందగాడు కాడా అంటే అందగాడే. ఆమెకు చూడటం తెలియదా అంటే తెలుసు. లోకంలో రుచులు వేరువేరని కవి అక్కడ తేల్చేస్తాడు. ఇద్దరిలో ఎవరినీ తక్కువ చేయకుండా చెప్పిన ఆ తీర్పు నాకు ఎప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. ఇందుమతి చివరికి అజుణ్ని వరించింది. వద్దన్న రాజుల్లో ఏ ఒక్కరికీ లోపం అంటగట్టలేదు. మన పెళ్లిచూపుల్లో 'నచ్చలేదు' అన్నాక ఆగం. రంగనీ, పొట్టి అనీ, పళ్లనీ ఒక లోపం వెతికి పిల్ల మీద పెట్టి వస్తాం. ఆ పిల్ల దాన్ని ఏళ్ల తరబడి మోస్తుంది.

గోపమంత్రి వ్యాఖ్య రాసిన ప్రబోధచంద్రోదయంలో దీనికి పూర్తిగా ఎదురు వాదం ఉంది. పదకొండో శతాబ్దంలో కృష్ణమిశ్రుడు రాసిన ఆ నాటకంలో గుణాలే పాత్రలు. కాముణ్ని గెలవడానికి వివేకుడు వస్తువిచారుణ్ని పంపుతాడు. ఆడదాని ఒళ్లు ఎముకలూ మాంసమే, అందం చూసేవాడి మోహం దాని మీద కప్పిన పొర అని అతని వాదన. అందం చూసేవాడి కంట్లో తయారవుతుందన్న మాట వరకు ఒప్పుకుంటాను. దాన్ని పట్టుకుని ఆడమనిషిని మాంసపు ముద్దగా చెప్పడం మాత్రం ఒప్పుకోను. మోహించినవాడూ ఆమెను అడగలేదు, విరాగం చెప్పినవాడూ అడగలేదు. ఇద్దరూ ఆమె ఒంటి దగ్గరే ఆగిపోయారు.

నలుగురూ

నాలుగు అంకె కాదు, లోకం. నలుగురిలో పరువు, నలుగురి నోట, నలుగురు మెచ్చేలా. ఈ నలుగురు ఎవరు, వాళ్ల తీర్పు ఎంతకాలం నిలుస్తుంది అన్నదానికి ఈ సీమలోనే ఒక కథ ఉంది.

పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు పల్నాడు వెళ్లాడు. ఆయన పేర చెప్పుకునే చాటువుల్లో ఆ సీమను ఈసడించాడు: జొన్నకూడు, నాగులేటి నీళ్లు, నాపరాళ్లు, పాములు, తేళ్లు. సన్నబియ్యం తిని, పట్టుబట్ట కట్టి, కొలువుల్లో మెప్పు పొందిన రసికుడికి ఆ నేలలో అందం కనబడలేదు. ఆయన చూపు ఆయన పెరిగిన కొలువు ఇచ్చిన చూపు. ఆ శ్రీనాథుడి పేరు మీదే ద్విపదలో 'పల్నాటి వీరచరిత్ర' కూడా ఉంది. పల్నాటి జనం పాడుకునే కథ జనం ఛందస్సులో. ఈసడించిన నేల కథకే ఆ పేరు ముడిపడి నిలిచింది.

ఆయన ఏవగించుకున్న రాళ్ల సంగతి ఇంకా పెద్దది. అమరావతి స్తూపానికీ నాగార్జునకొండ స్తూపాలకూ శిల్పాలు చెక్కిన లేత ఆకుపచ్చ చాయ తెల్లరాయి పల్నాటి సున్నపురాయే, ఆ నాపరాళ్ల జాతిదే. శ్రీనాథుడికి వెయ్యేళ్లకు ముందే శిల్పులు ఆ రాతిలో కాళ్లకు బరువైన కడియాలు వేసి, నడుము కాస్త ఒంచి నిలబెట్టిన స్త్రీలను చెక్కారు. వాళ్లకు నేటి లెక్కలో బట్ట తక్కువ. సిగ్గు మాత్రం ఆ మొహాల్లో ఎక్కడా లేదు, చూసేవాళ్లలోనూ అప్పట్లో ఉన్నట్టు లేదు. శతాబ్దాలు గడిచాయి, బౌద్ధం పోయింది, స్తూపం 'దీపాలదిన్నె' అయింది. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు దిన్నె తవ్వి రాళ్లు తీశారు. కొన్ని పలకలు చెరువు మెట్లకు వెళ్లాయి. కొన్నిటిని సున్నానికి కాల్చేశారు. 1797లో అక్కడికి వచ్చిన కాలిన్ మెకంజీ అనే దొరకు అవి కళాఖండాలుగా కనబడ్డాయి. తర్వాత పటాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించాడు. ఇవాళ కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, మరికొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఒకే రాయి. శిల్పికి సౌందర్యం, మేస్త్రీకి మెట్టు, బట్టీవాడికి సున్నం, కొలువు కవికి ఈసడింపు, దొరకు పురావస్తువు. సున్నానికి కాల్చినవాళ్లను నేను తిట్టను. వాళ్ల కాలపు నలుగురు వాళ్లకు ఆ చూపే ఇచ్చారు. పోయిన పలకలు మాత్రం తిరిగి రావు. నలుగురి చూపు మారే లోపు పోయినవి పోతాయి, మనుషుల విషయంలో కూడా.

జొన్న సంగతి చూడండి. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలాక ఈ వైపు వరి పెరిగింది, తెల్లన్నం గౌరవమైంది, జొన్నకూడు పేదతనానికి గుర్తయింది. ఇప్పుడు గుంటూరులోనూ హైదరాబాద్‌లోనూ సాయంత్రం బండ్ల దగ్గర జొన్నరొట్టెకు డబ్బున్నవాళ్లు నిలబడి ఎదురుచూస్తున్నారు. తెల్లన్నం మీద మోజు కాస్త తగ్గింది. తెల్ల ఒంటి మీద మోజు ఇంకా తగ్గలేదు.

ఒప్పుకుంటారు

తెలుగులో 'ఒప్పు'కు మూడు పనులున్నాయి. తప్పుకు ఎదురు ఒప్పు. అంగీకరిస్తే ఒప్పుకోలు. పాత కావ్యాల్లో ఒప్పు అంటే అందం, ఒప్పారడం అంటే అందంగా వెలగడం. ఆడపిల్లలు చేతులు పట్టుకుని గిర్రున తిరిగే ఆటను ఒప్పులకుప్ప అంటాం, అందాల రాశి అని. సరైనది, అంగీకరించినది, అందమైనది: మూడూ ఒకే మాటలో ఇమిడాయి. సమాజం దేనికి ఒప్పుకుంటే అదే ఒప్పుగా కనబడుతుందని ఏ సిద్ధాంతకర్తా చెప్పక ముందే మన భాష పట్టుకుంది. 'అందం' కూడా అంతే. పాత వాడుకలో 'ఆ యందమున' అంటే ఆ విధంగా అని. చందానికీ అదే అర్థం. విధమే అందం, మనం అలవాటు పడిన తీరే సొగసు.

అలాగని అందమంతా నలుగురి ఒప్పుకోలే అంటే నేను ఒప్పుకోను. అదే నిజమైతే రంభ సామెత పుట్టేది కాదు, యక్షుడు శ్యామను తలుచుకునేవాడు కాదు, ఈ వాక్యంలో 'నచ్చింది' అన్న మాటకు చోటే ఉండేది కాదు. నలుగురి కొలతలో 'గానీ' అనిపించుకున్న పిల్ల ఒక కుర్రవాడికి నచ్చింది. ఆ నచ్చడం ముందు నలుగురి కొలత వెనక్కి తగ్గింది. ఆ తల్లి కూడా కొడుకు పక్కన నిలబడింది, నలుగురిని ఒప్పించే బాధ్యత తన మీద వేసుకుంది. ఈ వాక్యంలో ఉన్న మంచంతా అక్కడే ఉంది.

అధ్యాహారం

మూలంలో లేకపోయినా అర్థం పూర్తి కావడానికి కావలసిన మాటను వ్యాఖ్యాత బయట నుంచి తెచ్చి కలుపుతాడు. దాన్ని అధ్యాహారం అంటారు. ఈ వాక్యంలో కుర్రవాడికి నచ్చింది, తల్లికి సమ్మతమైంది, వదిన విన్నది, నలుగురూ ఒప్పుకుంటారు. పిల్ల చూసిందా, ఏమనుకుంది అన్నది ఎక్కడా లేదు. ఇందుమతికి ఉన్న హక్కు ఈ పిల్లకు ఈ వాక్యంలో లేదు. తలుపు చాటు నుంచి ఆమె కూడా ఒక మొహాన్ని చూసే ఉంటుంది. ఆమెకూ ఒక రుచి ఉంటుంది. అది పేటలో సినిమాలు చూసి వచ్చిందో, నాన్న మొహం చూసి వచ్చిందో, తనకే తెలియాలి.

ఈ ఏడాది సంబంధాలు చూడబోతున్న తల్లులకూ మేనత్తలకూ నా విన్నపం ఇది. ఆ పిల్లను పక్కకు తీసుకెళ్లి, కుర్రవాడు నచ్చాడా అని అడగండి, జవాబు చెప్పే దాకా ఆగండి. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక 'గానీ' తీసేసి ఆమె జవాబుతో మాట మొదలుపెట్టండి.